ముద్ర పక్కన గీత

కుంబ్రెస్ కనుమ,
27 సెప్టెంబరు 1994, మంగళవారం.

అన్నయ్య ఇలోయ్‌కు,

ఈ పొద్దున ముఖం కడిగిన నీళ్ళు పారబోయడానికి ట్రైలర్ దిగాను. పికప్ వెనక, ట్రైలర్ తగిలించే లంకె మీద నువ్వు వేసిన తెల్లరంగులో ఒక గోధుమ గీత కనిపించింది. వెంట్రుకంత సన్నం, నా చూపుడువేలంత పొడవు. రాత్రి పట్టిన మంచు అప్పుడే కరుగుతోంది. గీత కింది కొస దగ్గర ఒక చుక్క, పల్చటి టీ రంగులో, జారడానికి సిద్ధంగా ఉంది. నేను చూస్తుండగానే జారింది. అదే చోట ఇంకొకటి కూడుకుంది.

ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. నువ్వు కూడా ఆ ఓడ మీద పొడి మేజోళ్ళతో, పది వేళ్ళతో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. వేళ్ళ మాట నవ్వులాటకు రాయలేదు. చేపలు కోసే యంత్రం గురించి నువ్వు రాసినప్పటి నుంచి జపమాలలో రోజూ ఒక పూస నీ వేళ్ళ కోసం తిప్పుతున్నాను.

ఉత్తరం కనుమ మీద నుంచి ఎందుకు వస్తోందా అనుకుంటావు. నాన్నకు పని దొరికింది. చామా దాటాక సరస్సు ఒడ్డున వేసవిలో జనం గుడారాలు వేసుకునే మైదానం ఉంది కదా, దానికి చలికాలం కాపలా. ట్రైలర్ నిలుపుకోవడానికి చోటు, నీళ్ళు, కరెంటు వాళ్ళవే. గేటు తీయాలి, మూయాలి, గొట్టాలు గడ్డకట్టకుండా చూసుకోవాలి. కళ్ళతో పెద్దగా పని లేదు. ఒకటో తేదీకి అక్కడ ఉండాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. కబురు రెండు వారాల క్రితమే వచ్చింది. ఆ రోజు నాన్న గడ్డం గీసుకున్నాడు. మే నెలలో నువ్వు వెళ్ళిపోయాక ఎవరూ చెప్పకుండా గీసుకోవడం అదే మొదటిసారి.

నువ్వు అడిగిన వాటికి జవాబులు రాస్తాను. నాన్న తింటున్నాడు. మొక్కజొన్న జావ రెండు గిన్నెలు తాగి ఆకలి లేదంటాడు. ఎడమ కన్ను పొగపట్టిన అద్దంలా ఉందట. కుడిది పగటిపూట ఇంకా పనికొస్తోంది. అది నలభై ఏళ్ళ వెల్డింగ్ వెలుగు అన్నాడు డాక్టరు. జీతంలో అదీ ఒక భాగమే అన్నాడు నాన్న.

పికప్ రెండో తాళంచెవి పొరపాటున నీ జేబులో వచ్చేసిందనీ, పంపమంటావా అనీ అడిగావు. అక్కర్లేదు, దారిలో పోతుంది. నువ్వు వెళ్ళిన రోజు మాత్రం ఇబ్బంది పడ్డాం. మొదటిది ఎక్కడ పెట్టామో ఇద్దరికీ గుర్తు లేదు. నువ్వయితే స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి రెండు తీగలు కలిపేసేవాడివి. నాన్న కూడా గంటసేపు ప్రయత్నించాడు. ఏది ఎర్ర తీగో ఏది గోధుమ తీగో కనబడక చివరకు వదిలేశాడు. నన్ను చూసి చెప్పమని అడగలేదు. సాయంత్రానికి తాళంచెవి పిండి డబ్బాలో దొరికింది. అప్పటి నుంచి దానికి ఒక చోటు పెట్టాం. తలుపు పక్కన, అమ్మ తగిలించిన మరియమ్మ పటం కింద, మేకుకు ఉంటుంది.

పికప్ ఎలా నడుస్తోందని అడిగావు.

ఖాళీగా పోయేటప్పుడు ఊరేగింపు ఏనుగులా పోతుంది. నువ్వు ఆరు అంగుళాలు ఎత్తు పెంచి, ట్రాక్టరుకు సరిపోయే చక్రాలు వేశావు కదా, ఆంతొనీటోలో పిల్లలు ఇప్పటికీ ఆగి చూస్తారు. వెనక ఇల్లు తగిలించుకుని కొండ ఎక్కేసరికి ఆ చక్రాలే దానికి బరువయ్యాయి. నిన్న సోమవారం తొమ్మిదికి బయల్దేరాం. బయల్దేరే ముందు నాన్న ఎప్పటిలా చుట్టూ తిరిగి అన్నీ చేత్తో చూశాడు. చక్రాల నట్లు ఒక్కొక్కటీ ముట్టుకున్నాడు. లంకె ఊడినా ట్రైలర్ విడిపోకుండా పట్టే గొలుసులు రెండూ కత్తెరలా దాటించి తగిలించాడు. నన్ను వెనక నిలబెట్టి లైట్లు వేశాడు, నేను ఎడమది వెలిగింది, కుడిది వెలిగింది అని అరిచాను. నువ్వు అతికిన లంకె ఒక్కదాన్నే ముట్టుకోలేదు. ఆయన పద్ధతి నీకు తెలుసు. ముట్టుకుంటే అనుమానించినట్టు.

దారిలో ఆయన బండి నడుపుతాడు, నేను రోడ్డు చదువుతాను. ఇప్పుడు మా పద్ధతి అది. ఎడమకు మలుపు, వేగం నలభైకి దింపమంటోంది, ముందు వంతెన ఇరుకు అని చెబుతూ ఉంటాను. బడిలో గట్టిగా చదవమంటే గొంతు పెగలని పిల్లను, నిన్న మూడు గంటలపాటు బోర్డులు చదివాను.

మైదానం దాటి ఎక్కుడు మొదలైన దగ్గర్నుంచి వెనక ఒక చప్పుడు. టక్ మని ఒక్కసారి, రోడ్డు మీద అతుకు దాటినప్పుడల్లా. పళ్ళాలు అన్నాడు నాన్న. లా మంగా దగ్గర ఆగినప్పుడు నేను పళ్ళాలన్నీ తువ్వాళ్ళలో చుట్టి పరుపు మీద పెట్టాను. తరువాత కూడా టక్ మంది. కాఫీ గిన్నె అన్నాడు. కాఫీ గిన్నె నా ఒళ్ళో ఉంది. ఆ మాట నేను చెప్పలేదు.

కుంబ్రెస్ పైకి వచ్చేసరికి ఇంజన్ నీళ్ళు మరిగి ఆవిరి లేచింది. రోడ్లు బాగుచేసేవాళ్ళ యార్డులోకి తిప్పి ఆపాం. అక్కడ మంచు నెట్టే బండి నడిపే డెల్ఫీనో అనే ఆయన ఉన్నాడు. నాన్న వయసే ఉంటుంది, నోరు మాత్రం పాతికేళ్ళ వాడిది. పికప్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది బండేనా బావా, చేలో మంచెనా? నిచ్చెన ఎక్కడ దాచావు?" అన్నాడు.

"మావాడు చేశాడు. నిచ్చెన పొట్టివాళ్ళకు కావాలి" అన్నాడు నాన్న.

మావాడు అన్నాడు అన్నయ్యా. మే నెల నుంచి నీ పేరు గానీ, మావాడు అని గానీ ఆయన నోట నేను వినలేదు. డెల్ఫీనో లంకె వైపు వంగి చూసి ఇదీ మీవాడేనా అన్నాడు. అది ఊడాలంటే ముందు కొండ ఊడాలి అన్నాడు నాన్న. ఇద్దరూ నవ్వారు. యార్డులో రాత్రికి ఉండనిచ్చాడు. ఎండుమిరపకాయల కూర ఇచ్చాడు. చాలా కారంగా ఉంది, నాన్నకు నచ్చింది.

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, రోడ్డు మీద మంచు కరగ్గానే, చామా వైపు దిగాలని నాన్న అనుకుంటున్నాడు. రేపు రాత్రికి మంచు తుఫాను వస్తుందని డెల్ఫీనో రేడియోలో విన్నాడట. కుదిరితే ఈ రోజు, లేదా వసంతం అని నవ్వాడు. నిన్న సాయంత్రం నేను దిగుడు వైపు కొంత దూరం నడిచాను. పసుపు బోర్డు మీద త్రిభుజం, దాని మీద కిందికి జారే లారీ బొమ్మ ఉన్నాయి. పన్నెండు మైళ్ళ దాకా ఒకటే వాలు అని రాసి ఉంది. రెండో మలుపు దగ్గర అంచున కమ్మీ లేదు. అడుగున చామా ఇళ్ళు అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి. ఆ బోర్డు నాన్నకు ఇంకా చదవలేదు.

ఇక ఈ పొద్దుటి గీత.

నాన్న ఇంజన్ నీళ్ళ కోసం కాలువ దగ్గరికి వెళ్ళాక డెల్ఫీనోను పిలిచి చూపించాను. మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "తుప్పు కారుతోందమ్మాయ్. రంగు కింద ఏదో నోరు తెరిచింది. కానీ నేను మంచు నెట్టేవాణ్ణి, ఇనుము అతికేవాణ్ణి కాదు" అన్నాడు. అప్పుడు ఆయన కంట పడింది నీ ముద్ర. సున్నలో ఏడు. గీతకు రెండు వేళ్ళ దూరంలో ఉంది. ఎవరిదని అడిగాడు. మా అన్నయ్యది అన్నాను. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మా తమ్ముడు గొట్టాల పనిలో ఉండేవాడు. నాకు తెలుసు. ముద్ర కొట్టినవాడు బతికుండగా ఇంకొకడు దాని మీద వేలు పెట్టకూడదు. మీ నాన్న ముందు నేను నోరెత్తను తల్లీ. ఆ మాట ఇంట్లోవాళ్ళు చెప్పాల్సిందే."

చిన్నప్పుడు గొట్టాల పని నుంచి నాన్న సెలవులకు వచ్చినప్పుడు కథ చెప్పమంటే, మనకు ఈ ముద్రల కథే చెప్పేవాడు. వంద మంది అతికిన గొట్టం వంద మైళ్ళు పోతుంది, పగిలితే ఎవరి చేయి తప్పిందో తెలియాలి, అందుకని ప్రతి అతుకు పక్కనా అతికినవాడి ముద్ర. నమ్మకం లేని అతుకు పక్కన ముద్ర కొట్టేవాడూ, చచ్చినవాడి సంతకం పెట్టేవాడూ ఒకటే అనేవాడు. నువ్వు ఆ మాట వింటూ కూర్చునేవాడివి. నేను నిద్రపోయేదాన్ని.

ఇప్పుడు రాయవలసినది రాస్తాను.

నీ ఆగస్టు ఉత్తరం నాన్నకు ఐదుసార్లు చదివి వినిపించాను. ఐదుసార్లూ ఒక పేరా వదిలేశాను. ఏ పేరానో నీకు తెలుసు. ఈస్టరు ముందు రోజు గాలి వీస్తుంటే, తడి తగిలిన వెల్డింగ్ రాడ్లతో అతికానని రాశావు. ఇనుము చల్లగా ఉండగానే పని అవగొట్టేశాననీ, పైన నున్నగా కనిపిస్తున్నా లోపల కరిగి కలవలేదనీ, ఆ సంగతి అతికేటప్పుడే చేతికి తెలిసిందనీ రాశావు. నాన్న సుత్తి పట్టుకుని పక్కనే నిలబడి ఉంటే ముద్ర కొట్టకుండా ఉండలేకపోయానని రాశావు. గొలుసులు తగిలించే రింగులు కూడా అదే ముక్కకు అతికాను గనక అది పోతే గొలుసులూ దానితోనే పోతాయనీ, ట్రైలర్‌ను దానితో లాగవద్దనీ రాశావు. నేను చెప్పలేను, నువ్వు నాన్నకు చదివి వినిపించు ఫీనా అని రాశావు.

మొదటిసారి చదువుతున్నప్పుడు ఆ పేరా దాకా వచ్చి తల ఎత్తాను. నాన్న మంచం అంచున, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. అంతకు ముందే, వాడి అక్షరం ఎలా ఉంది, తిన్నగా ఉందా అని అడిగాడు. వెల్డింగ్ పరీక్షలో నీ అతుకు తప్పిన రోజు ఆయన నిన్ను అన్న మాట నేను విన్నాను. చేతికి నిలకడ లేనివాడు ముద్ర జేబులో పెట్టుకు తిరగడం దేనికి అన్నాడు. నువ్వు వెళ్ళాక ఆయన ఆ మాట చాలాసార్లు తనలో తాను అనుకోవడం కూడా విన్నాను, వేరే గొంతుతో. ఇప్పుడు ఆ పేరా చదివితే ఆయన అన్నది నిజమని నువ్వే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆయనకు మిగిలింది ఆ లంకె ఒక్కటే. అందుకని ఆ కాగితాన్ని వెనక్కి జరిపి, ఓడలో వంటవాడి కథ దగ్గర మొదలుపెట్టాను. నాన్న నవ్వాడు.

చలికాలం అంతా ట్రైలర్ కదలదనుకున్నాను. వసంతంలో నువ్వు వస్తావు, నువ్వే చెప్పుకుంటావు అనుకున్నాను. తరువాత ఈ పని వచ్చింది. అరవై మైళ్ళే కదా, మెల్లగా పోతాం కదా అనుకున్నాను. ఎవరిచేతనైనా లంకె చూపిద్దామా నాన్నా అని ఒకసారి అన్నాను. ఎందుకు అన్నాడు. ఊరికే అన్నాను.

అబద్ధం ఒక పాపం, చెప్పవలసింది చెప్పకపోవడం ఇంకొక పాపం అని సిస్టర్లు నేర్పారు. రెండోది తేలిక అనుకునేదాన్ని, నోరు తెరిచే పని లేదు గనక.

ఈ పొద్దున ఎనిమిదిన్నరకు నోరు తెరిచాను. నాన్న నీళ్ళు పోసి ఇంజన్ మూత బిగిస్తున్నాడు. లంకె దగ్గర పగులు ఉంది నాన్నా, మనం దిగకూడదు అన్నాను. ఎవరు చెప్పారు, నీ పుస్తకాలా అన్నాడు. అన్నయ్య రాశాడు అన్నాను.

చేతులు తుడుచుకుని చొక్కా జేబులోంచి నీ ఉత్తరం తీశాడు. ఆగస్టు నుంచి అక్కడే ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది. తెరవలేదు. చేతిలో పట్టుకుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. సముద్రం బూడిదరంగు, చేపల వాసన జుట్టు వదలదు, రెండో తాళంచెవి, తన కళ్ళు, ఓడలో వంటవాడు, అమ్మ సమాధికి పూలు. ఒక్క మాట తప్పు పోలేదు. ఐదుసార్లు విన్నాడు కదా.

"ఇందులో లంకె ఎక్కడుంది?"

"నేను చదవలేదు నాన్నా. ఆ పేరా వదిలేశాను."

"అయితే ఇప్పుడు చదువు." ఉత్తరం నా వైపు చాచాడు.

అన్నయ్యా, ఇది నేను పైన రాయలేదు. ఆ పేరా ఉన్న కాగితాన్ని నేను పొయ్యిలో వేశాను. నువ్వు దాన్ని వేరే కాగితం మీద, రెండు వైపులా రాశావు. నాన్న ఉత్తరాన్ని జేబులో పెట్టుకు తిరగడం మొదలుపెట్టాక, ఎప్పుడో పోస్టాఫీసులోనో బార్బరు దగ్గరో ఎవరిచేతనైనా చదివించుకుంటాడని భయం వేసింది. అందుకని రెండో రాత్రే కాల్చేశాను. ఈ పొద్దున ఆయన చాచిన ఉత్తరం తీసుకుని, ఉన్న కాగితాలనే చూస్తూ ఆ పేరా చదివినట్టు నటించవచ్చునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆయనకు కనబడదు. కానీ ఆయన చెయ్యి కాగితం వదల్లేదు.

కాల్చేశాను అని చెప్పాను.

నాన్న ఉత్తరాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"నీకు భయం ఎక్కువ. అది తప్పు కాదు, మీ అమ్మా అంతే, గాలి వీస్తే ట్రైలర్‌కు రాళ్ళు కట్టమనేది. కానీ నీ భయానికి మీ అన్న నోరు వాడుకోకు ఫీనా. వాడు ఇక్కడ లేడు, కాదనడానికి."

గీత మీద చెయ్యి పెట్టి చూడమని బతిమాలాను. నా మాట మీద మోకాళ్ళ మీదికి దిగాడు. ఆయన బొటనవేలు పట్టుకుని గీత మీద పెట్టాను. మెల్లగా పైనుంచి కిందికి నిమిరాడు. ఆ వేలు ఎన్నిసార్లు కాలిందో నీకు తెలుసు. గిన్నె వేడి కూడా దానికి తెలియదు.

నున్నగా ఉంది అన్నాడు. ఆ తడి మంచు నీళ్ళు అన్నాడు. అక్కడి నుంచి వేలు పక్కకు జరిగి నీ ముద్ర మీద ఆగింది. సున్న చుట్టూ ఒకసారి తిరిగింది. ఆయన ముఖం అప్పుడు ఎలా ఉందో రాయను.

"ఇదిగో. వాడు కొడుతుంటే సుత్తి అందించింది నేను. నా కళ్ళెదుట నా కొడుకు దొంగ ముద్ర కొట్టాడంటావా?"

నేను ముద్ర వైపే చూస్తున్నాను.

"చెప్పు. అంటావా?"

అవును అన్నాను.

లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పన్నెండింటికి బయల్దేరుదాం, సామాను సర్దు అన్నాడు. నా వైపు చూడలేదు. అలా అని వేరే వైపు చూశాడని కూడా కాదు, ఆయన చూపు ఈ మధ్య ఎక్కడ ఉంటుందో తెలియదు. డెల్ఫీనో దూరంగా పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. నాన్న పక్క నుంచి వెళుతుంటే, తొందరేముంది బావా, రెండు రోజులుండు, పేకాట నేర్పుతా అన్నాడు. ఇంకోసారి అన్నాడు నాన్న.

ఇప్పుడు పది ఇరవై. ట్రైలర్‌లో బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. పళ్ళాలు మళ్ళీ తువ్వాళ్ళలో చుట్టేశాను. నాన్న బయట జాకీ ఎత్తుతున్నాడు. తిప్పినప్పుడల్లా ఇల్లంతా కొద్దిగా వణుకుతోంది, నా అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి. ఇంతకు ముందే గొలుసులు తగిలించిన చప్పుడు విన్నాను. వాటిని ఎప్పటిలా శ్రద్ధగా కత్తెరలా దాటించే ఉంటాడు. ఆ గొలుసులు దేనికి అతికి ఉన్నాయో ఆయనకు తెలియదు, నీకూ నాకూ తెలుసు. చామా నుంచి బడి బస్సు మధ్యాహ్నం ఈ దారినే పైకి వస్తుందని డెల్ఫీనో చెప్పాడు.

యార్డులో ఫోను లేదు, రేడియో మాత్రం ఉంది. నీ ఓడ పదో తేదీ లోపల రేవుకు వస్తుందని రాశావు. ఈ ఉత్తరం అక్కడ నీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చదవగానే డెల్ఫీనో వాళ్ళ ఆంతొనీటో ఆఫీసుకు ఫోను చెయ్యి, నంబరు కవరు వెనక రాశాను, వాళ్ళు రేడియోలో కలుపుతారట. ఆ పేరాలో రాసింది నీ నోటితో నాన్నకు చెప్పు. నేను పక్కన ఉండను. నీ మాట నా గొంతులో ఆయన వినడు ఇక, వినకూడదు కూడా. ఆయన ఏమంటాడో నాకు తెలియదు. పోయినసారి అన్నదే అంటాడేమో. అయినా చెప్పు. ఆయన నీ అతుకును నమ్మి కూర్చోవడం కంటే నీ మీద కోపంతో కూర్చోవడం నయం. ఈ మాట నేను ఆగస్టులోనే అనుకుని ఉండాల్సింది.

నాకు వేరే దారి కనిపించలేదు. ఏం చేసినా ఆయన క్షమించడని తెలిసే చేస్తున్నాను. మంచు పడితే డెల్ఫీనో తన గదిలో పొయ్యి ఉందన్నాడు, బీన్స్ రెండు బస్తాలు ఉన్నాయన్నాడు.

పోస్టు బండి పదకొండుకు యార్డు ముందు ఆగుతుంది. నీ వేళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
ఐదుసార్లు చదివి ఒక్కసారీ పూర్తిగా చదవని
నీ చెల్లెలు
సెరాఫీనా

కవరు అంటించబోతూ: నాన్న ఇంజన్ వేడెక్కించాలని లోపలికి వచ్చాడు. మేకు తడిమాడు, పటం వెనక తడిమాడు, ఇప్పుడు పిండి డబ్బా బోర్లిస్తున్నాడు. నన్నింకా ఏమీ అడగలేదు. పోస్టు బండి మలుపు తిరిగింది. బరువుకు రెండు స్టాంపులు ఎక్కువ అంటించాను. తాళంచెవి ఇందులో ఉంది.